వెన్నెల అనుకున్నారు: 1629 బటావియా ఓడ ప్రమాదం, ఒక కేస్ స్టడీ

ఓడ ప్రమాదాల మీద క్లాసు చెప్పమంటే మొదటి రోజు నేను కొత్త కేసు ఇవ్వను. జీపీఎస్, రాడార్, ఎలక్ట్రానిక్ చార్టులు ఉన్న ఓడ గురించి చెబితే క్యాడెట్లు రెండు నిమిషాల్లో తప్పంతా ఏదో ఒక పరికరం మీదకి తోసేస్తారు. అలారం ఆఫ్ చేసేశారు సార్, చార్టు అప్‌డేట్ చెయ్యలేదు సార్ అంటారు. అది నిజమే కావచ్చు. కానీ మనుషులు ఏం చేశారన్న విచారణ అక్కడితో ఆగిపోతుంది. అందుకని తప్పు తోసెయ్యడానికి పరికరాలే లేని ఓడ ఒకటి ఇస్తాను. అదే బటావియా.

డెక్ క్యాడెట్‌గా ఓడ ఎక్కి, కెప్టెన్‌గా దిగి, ఇప్పుడు ఒడ్డున కూర్చుని ప్రమాద విచారణలు చేస్తున్నాను. ఎవరిది తప్పు అని తేల్చడం మా పనిలో చిన్న భాగమే. ఆ నిమిషంలో ఆ మనిషికి అదే సరైన పనిగా ఎందుకు తోచిందో వెతకడమే అసలు పని. ఈ కేసును కూడా అదే పద్ధతిలో రాస్తున్నాను. ఒక జాగ్రత్త ముందే చెప్పాలి. ఇందులో ప్రధాన సాక్ష్యం ఆ ఓడ పెద్ద రాసుకున్న జర్నల్. రాసినవాడు తన మీదకి వచ్చే ప్రశ్నలకు కూడా జవాబు సిద్ధం చేసుకుంటూ రాశాడు. ఇవాళ ప్రమాదం తర్వాత కెప్టెన్ ఇచ్చే స్టేట్‌మెంట్‌ను మేము ఎలా చదువుతామో, దాన్నీ అలాగే చదవాలి.

ఓడ, సరుకు, దారి

బటావియా డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ ఓడ. 1628లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కట్టారు. ఆ ఏడాది అక్టోబర్ చివర హాలండ్‌లోని టెక్సెల్ దీవి నుంచి జావాలోని బటావియాకు, అంటే ఇవాళ్టి జకార్తాకు, బయలుదేరింది. అదే దాని మొదటి ప్రయాణం, ఆఖరిది కూడా. పొడవు 56 మీటర్ల చిల్లర. పాత పనామా కాలువలో పట్టేంత పెద్ద పనామాక్స్ ఓడ వెడల్పుకు అది రెండింతలు కూడా రాదు. అందులో దాదాపు 340 మంది ఎక్కారు. నావికులు, సైనికులు, కంపెనీ వర్తకులు, పిల్లాజెల్లాతో వెళ్తున్న కుటుంబాలు, ఒక పాస్టర్.

సరుకు సంగతి చెబితే ఓడ ఎందుకు నడుస్తోందో అర్థమవుతుంది. 12 పెట్టెల నిండా వెండి నాణేలు. ఆసియాలో సరుకు కొనాలంటే యూరప్ వస్తువులు ఎవరికీ అక్కరలేదు, వెండే కావాలి. బటావియా కోట ద్వారం కోసం చెక్కించిన ఇసుకరాతి దిమ్మలు 137, అడుగున బరువుగా వేశారు. మొఘల్ దర్బారులో అమ్ముదామని తీసుకెళ్తున్న పాత రోమన్ చెక్కడపు రాయి ఒకటి. జహంగీర్ అప్పటికే ఏడాది కిందట చనిపోయాడు.

ఓడకు పెద్ద ఫ్రాన్సిస్కో పెల్‌సార్ట్. మనకు మరీ తెలియనివాడేం కాదు. 1620లో మచిలీపట్నం నుంచి నేల దారిన సూరత్ చేరి, అక్కణ్ణుంచి ఆగ్రా వెళ్ళి, ఏళ్ళ తరబడి నీలిమందు వ్యాపారం చూశాడు. మొఘల్ రాజ్యంలో పేదవాళ్ళు ఎలా బతుకుతున్నారో వివరంగా రాసిపెట్టాడు కూడా. మంచి వర్తకుడు. నావికుడు మాత్రం కాదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇక దారి. 1611లో హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్చి కమాండర్ ఒక కొత్త దారి కనిపెట్టాడు. ఆఫ్రికా కొసన ఉన్న గుడ్‌హోప్ అగ్రం దాటాక ఈశాన్యంగా మలుపు తిరగకుండా, ఇంకా దక్షిణానికి దిగి, అక్కడ ఏడాదంతా వీచే బలమైన పడమటి గాలులు పట్టుకుని తూర్పుకి పరిగెత్తాలి. తర్వాత ఉత్తరానికి తిరిగి జావా చేరాలి. ప్రయాణం నెలల తరబడి తగ్గింది, సరుకు చెడటం తగ్గింది. కంపెనీ దాన్ని అందరికీ రూలు చేసింది. కేప్ నుంచి తూర్పుకి కనీసం వెయ్యి డచ్చి మైళ్ళు, అంటే సుమారు 7,400 కిలోమీటర్లు వెళ్ళాక ఉత్తరానికి తిప్పాలి.

ఆ వెయ్యి మైళ్ళు అయ్యాయని ఎలా తెలియాలి? అక్షాంశం తెలుసుకోవచ్చు. మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కొలిస్తే చాలు. రేఖాంశం తెలియాలంటే బయలుదేరిన చోట ఇప్పుడు టైమ్ ఎంతో ఓడలో తెలియాలి. నాలుగు నిమిషాలు తేడా వస్తే ఒక డిగ్రీ తేడా. ఆ ప్రమాదం జరిగిన చోట ఒక డిగ్రీ అంటే 50 నాటికల్ మైళ్ళ పైచిలుకు. వాళ్ళ దగ్గర ఉన్నది అరగంటకొకసారి తిరగేసే ఇసుక గడియారం. తిరగెయ్యాల్సినవాడు కునుకు తీస్తే అంతే. సముద్రం మీద నమ్మదగిన గడియారం రావడానికి ఇంకో 130 ఏళ్ళు పట్టింది. కాబట్టి ఓడ నడిపే స్కిప్పర్ చేసేదల్లా వేగం అంచనా కట్టి, దిశ చూసి, రోజులు లెక్కపెట్టి చార్టు మీద చుక్క పెట్టడమే. కింద సముద్ర ప్రవాహం ఓడను ముందుకు తోస్తుంటే ఆ తోపు లెక్కలోకి రాదు. రోజు రోజుకీ చుక్క ఒక చోట, ఓడ ఇంకో చోట.

డెక్కుల కింద బతుకు

విచారణ రిపోర్టుల్లో ఈ భాగాన్ని ఒక పేరాతో దాటేస్తుంటారు. నేను ఆగుతాను, ఎందుకంటే ఏడు నెలలు మనుషులు ఎలా బతికారో తెలియకపోతే ఆ తర్వాత వాళ్ళు చేసిన పనులు అర్థం కావు.

ఓడలో వెనక భాగం పెద్దలది. అక్కడ గదులు, కిటికీలు, బల్ల మీద భోజనం. తెరచాపలు కట్టే పెద్ద కొయ్యకు ముందు భాగం కళాసులది. ఫిరంగుల మధ్య వేలాడే ఉయ్యాలల్లోనో, చాపల మీదో పడుకోవాలి. సైనికులది ఇంకా కింద డెక్కు. నిలబడితే తల తగులుతుంది, కిటికీ లేదు, గాలి లేదు. రోజుకు రెండుసార్లు, అరగంట చొప్పున పైకి వదిలేవాళ్ళు. మిగతా టైమంతా ఆ చీకట్లోనే. మామూలు జనానికి మరుగుదొడ్లు ఓడ ముక్కు దగ్గర రెండే, అందరికీ కనబడేలా, చుట్టూ గోడ లేకుండా. శుభ్రం చేసుకోవడానికి సముద్రంలోకి వేలాడే ఒక తాడు, అందరికీ అదొక్కటే. తుఫానులో అక్కడిదాకా పోలేనివాళ్ళు ఎక్కడ కూర్చునేవాళ్ళో ఊహించుకోవచ్చు.

తిండి అంటే రాయిలాంటి బిస్కెట్టు, ఉప్పు మాంసం, బఠానీలు. బిస్కెట్టును బల్లకేసి కొట్టి పురుగులు దులిపి తినాలి. పీపాల్లో నీళ్ళు భూమధ్యరేఖ దాటేసరికి పచ్చబడి, వాసన పట్టి, పురుగులు ఆడేవి. పళ్ళు కరిచిపట్టి వడగట్టినట్టు తాగేవాళ్ళు. ఆ తర్వాత స్కర్వీ, తాజా పళ్ళు, కూరలు లేక వచ్చే జబ్బు. చిగుళ్ళు ఉబ్బి నల్లబడతాయి, పళ్ళు ఊడతాయి, ఎప్పుడో మానిన పాత గాయాలు మళ్ళీ తెరుచుకుంటాయి.

ఇక్కడ నాకు మంట పుట్టించే సంగతి ఒకటుంది. 1601లోనే ఇంగ్లీషు ఈస్ట్ ఇండియా కంపెనీ మొదటి ప్రయాణంలో జేమ్స్ లాంకాస్టర్ తన ఓడలో మనుషులకు రోజూ పొద్దున్నే నిమ్మరసం తాగించాడు. అతని ఓడలో మనుషులు నిలబడ్డారు, పక్కనున్న మూడు ఓడల్లో తెరచాప దించడానికి కూడా మనుషులు చాలని స్థితి వచ్చింది. కళ్ళెదుట ఇంత రుజువు ఉన్నా అది ఎవరికీ రూలు కాలేదు. బ్రిటిష్ నేవీ నిమ్మరసాన్ని అందరికీ తప్పనిసరి చేసింది 1795లో. ఒక ఓడలో నేర్చుకున్నది ఇంకో ఓడకు చేరకపోవడం మా రంగంలో ఇవాళ్టికీ పెద్ద జబ్బే.

శిక్షలు కూడా చెప్పాలి. కత్తి దూస్తే ఆ చేతిని కొయ్యకు అదే కత్తితో గుచ్చి ఉంచేవాళ్ళు. పెద్ద నేరానికి మనిషిని తాడు కట్టి ఓడ అడుగు కిందుగా ఈ పక్క నుంచి ఆ పక్కకు లాగేవాళ్ళు. కింద అంటుకున్న నత్తగుల్లలు ఒళ్ళు చీరేసేవి. భయంతో తప్ప ఇంతమందిని అదుపులో పెట్టలేమని కంపెనీ నమ్మకం. అలాంటి చోట కిందవాడు పైవాడితో 'మీరు పొరబడుతున్నారేమో' అనగలడా?

రెండు తలల ఓడ

ఓడ నడిపేవాడు స్కిప్పర్ ఆరియన్ యాకబ్స్. అనుభవం ఉన్నవాడు. కానీ ఆఖరి మాట అతనిది కాదు. కంపెనీ రూలు ప్రకారం ఓడ మీద పై అధికారం పెద్ద వర్తకుడిది, అంటే పెల్‌సార్ట్‌ది. చార్టు చదవలేనివాడు, చార్టు చదివేవాడి మీద అధికారి అన్నమాట. దీని వెనక కంపెనీకి ఒక లెక్క ఉంది. వెండి పెట్టెలు నావికుల చేతిలో పెట్టడం వాళ్ళకు ఇష్టం లేదు.

పైగా ఈ ఇద్దరికీ సూరత్ నాటి నుంచే పడదు. అక్కడ యాకబ్స్ నలుగురిలో పెల్‌సార్ట్‌ని అవమానించాడు. ఆ సంగతి తెలిసి కూడా ఇద్దరినీ ఒకే ఓడలో వేశారు. మ్యానింగ్ ఆఫీసులో ఎవరో పేర్లు చూసి లిస్టు కట్టేసినట్టు. 1629 ఏప్రిల్‌లో కేప్ దగ్గర ఆగినప్పుడు స్కిప్పర్ తాగి పక్క ఓడల మీదకి వెళ్ళి గొడవ చేశాడు. పెల్‌సార్ట్ అతన్ని గట్టిగా మందలించాడు.

కేప్ దాటాక పెల్‌సార్ట్ జబ్బుపడి మంచం పట్టాడు. వారాల తరబడి పైకి రాలేదు. ఆ మధ్యలోనే తోటి ఓడలు కనుచూపు దాటిపోయాయి. స్కిప్పర్, చిన్న వర్తకుడు జెరోనిమస్ కార్నెలిస్ దగ్గరయ్యారు. ఈ కార్నెలిస్ హార్లెమ్‌లో మందుల కొట్టు పెట్టి దివాళా తీసి, కంపెనీలో చేరినవాడు. మేలో ఒక రాత్రి ముసుగులు వేసుకున్న కొందరు, పెద్ద కుటుంబానికి చెందిన లుక్రేషియా యాన్స్ అనే ప్రయాణికురాలిని డెక్కు మీద పట్టుకుని, ఒంటికి తారు, పెంట పూసి అవమానించారు. ఆమె గొంతులు గుర్తుపట్టి బోసన్ పేరు, అంటే కళాసుల మేస్త్రీ పేరు, చెప్పింది. పెల్‌సార్ట్ ఎవరినీ అప్పుడే పట్టుకోలేదు.

ఇద్దరూ కలిసి ఓడను కబ్జా చెయ్యాలని ముందే కుట్ర పన్నారని తర్వాత విచారణలో తేల్చారు. నేను దాన్ని నా నివేదికలో ఖాయంగా రాయను. ఆ వాంగ్మూలాల్లో చాలా వరకు మెడ చుట్టూ గుడ్డ కట్టి, మనిషి మింగక తప్పని విధంగా నీళ్ళు పోసి రాబట్టినవి. అలా వచ్చిన సాక్ష్యం సాక్ష్యం కాదు. కుట్ర ఉన్నా లేకపోయినా, ఆ ఓడలో ఆజ్ఞ ఎవరిదో జూన్ నాటికి ఎవరికీ తెలియని పరిస్థితి అన్నది మాత్రం ఖాయం.

జూన్ 4, తెల్లవారుజాము

చుక్క ప్రకారం నేల ఇంకా చాలా దూరం. అసలు లెక్క ప్రకారం ఓడ ఆస్ట్రేలియా పడమటి తీరానికి 60 కిలోమీటర్ల దూరంలోని అబ్రోల్హోస్ దీవుల మీదకి, 28 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర, అన్ని తెరచాపలూ ఎత్తి పరిగెడుతోంది. ఈ దీవులు కొత్తవి కావు. పదేళ్ళ కిందట, 1619లో, ఫ్రెడరిక్ డి హౌట్‌మన్ వాటిని చూసి చార్టులో పెట్టించాడు. అక్కడికి తాను ఇంకా రాలేదనే స్కిప్పర్ నమ్మకం.

వెన్నెల రాత్రి. ముందు తెల్లగా ఏదో కనిపించింది. విరిగే కెరటాల నురగ. స్కిప్పర్ వాచ్‌లో, అంటే ఓడ నడిపే డ్యూటీలో ఉన్నాడు, హాన్స్ బోస్‌హీటర్ అనే ఫిరంగివాడు కాపలాలో ఉన్నాడు. 'అది వెన్నెల మెరుపు' అన్న మాట ముందు ఎవరి నోట వచ్చిందో రెండు రకాలుగా చెబుతారు. కాపలావాడు నురగ అంటే స్కిప్పర్ కొట్టిపారేశాడని ఒక కథనం. తాను అడిగితే బోస్‌హీటరే వెన్నెల అన్నాడని స్కిప్పర్ పెల్‌సార్ట్‌తో చెప్పుకున్నాడు. నాకు ఆ తగవు తేల్చాల్సిన అవసరం లేదు. ఇద్దరూ చూశారు. ఇద్దరికీ అనుమానం వచ్చింది. ఆ అనుమానానికి దొరికిన మొదటి హాయైన జవాబుతో ఇద్దరూ సర్దుకున్నారు. చుక్కాని తిప్పలేదు, తెరచాప దించలేదు.

ఇది చదివినప్పుడల్లా నా సంగతే గుర్తొస్తుంది. థర్డ్ ఆఫీసర్‌గా కొత్త రోజులు, బంగాళాఖాతంలో రాత్రి వాచ్. రాడార్‌లో చిన్న చుక్కలు కొన్ని. 'వాన క్లట్టర్, గెయిన్ తగ్గించు' అన్నాడు కెప్టెన్. అంటే అవి వాన వల్ల పడే ఉత్త చుక్కలు, రాడార్ తీక్షణత తగ్గించమని. తగ్గించాను. చుక్కలు మాయమయ్యాయి, నా టెన్షన్ కూడా మాయమైంది. పది నిమిషాల తర్వాత వీల్ దగ్గరున్న సుఖానీ, అంటే చుక్కాని పట్టేవాడు, ఎవరినీ అడక్కుండా హార్డ్ స్టార్‌బోర్డ్, అంటే పూర్తిగా కుడికి కొట్టాడు. చేపల బోటు ఒకటి పక్కనుంచి పోయింది, దాని మీద మనిషి చేతిలో టార్చిలైటు ఊపుతున్నాడు. ఆ సుఖానీకి నాకంటే చదువు తక్కువ, జీతం తక్కువ. అనుమానం నాకూ వచ్చింది. తేడా ఏమిటంటే నాకు జవాబు ఇచ్చింది కెప్టెన్, కాబట్టి నేను నమ్మాలనుకున్నాను.

బటావియాలో సుఖానీకి ముందు చూసే వీలే లేదు. ఆ కాలపు ఓడల్లో చుక్కాని పట్టేవాడు డెక్కు కింద నిలబడి, పైనుంచి అరిచిన ఆజ్ఞ విని కర్ర తోసేవాడు.

దిబ్బ ఎక్కాక

ఓడ పగడపు దిబ్బ మీదకి వేగంగా ఎక్కింది. జబ్బుమనిషి పెల్‌సార్ట్ మంచం మీద నుంచి కింద పడి, చొక్కాతోనే పైకి పరిగెత్తాడు. మొదట వాళ్ళ ఆశ ఏమిటంటే ఇది ఆటు సమయం అయి ఉంటుందని, నీళ్ళు పెరిగితే ఓడ తేలుతుందని. బరువు తగ్గించడానికి ఫిరంగులు సముద్రంలోకి తోశారు. తీరా చూస్తే అది పోటు. నీళ్ళు దిగడం మొదలైంది. పోటు మీద దిబ్బెక్కిన ఓడంత దరిద్రం ఇంకోటి ఉండదు.

నీళ్ళు దిగేకొద్దీ ఓడ కెరటానికోసారి లేచి రాళ్ళ మీద కూలబడుతోంది. పెద్ద కొయ్య బరువుకి అడుగు పగులుతుందని దాన్ని నరికారు. అది నిర్ణయంగా తప్పు కాదు, చేసిన తీరు తప్పు. కొయ్య సముద్రంలో పడలేదు, డెక్కు మీదే తాళ్ళతో చిక్కుకుని అడ్డంగా పడింది. పడవలను పక్కకు తెచ్చుకోవడం కష్టమైపోయింది.

తెల్లారాక చిన్న దీవులు కనబడ్డాయి. పడవల్లో జనాన్ని దాటించడం మొదలుపెట్టారు. 180 మంది దాకా ఒక దీవి మీద దిగారు. ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగైదు నిమిషాల నడక. చెట్టు లేదు, చుక్క నీళ్ళు లేవు. బిస్కెట్లు కొన్ని పీపాలు, నీళ్ళు కొద్దిగా దాటించారు. అప్పటికే ఓడలో ఉన్నవాళ్ళు సారా పీపాలు పగలగొట్టి తాగుతున్నారు. నీళ్ళ పీపాలు పైకి తెమ్మంటే వినేవాడు లేడు. ఇంకో 70 మంది ఓడలోనే ఉండిపోయారు, కార్నెలిస్ కూడా. అతనికి ఈత రాదు. ఈ గందరగోళంలో మొత్తం మీద 40 మంది దాకా మునిగిపోయారు.

ఒకటి గమనించండి. ఇంతవరకు పోయింది 40 మంది.

వెళ్ళిపోయిన పడవ

ఆ తర్వాత పెల్‌సార్ట్ తీసుకున్న నిర్ణయం మీద ప్రతి బ్యాచ్‌లోనూ గొడవ జరుగుతుంది. పెద్ద పడవలో, 30 అడుగుల తెరిచిన పడవలో, స్కిప్పర్‌తో సహా 48 మందిని ఎక్కించుకుని నీళ్ళ కోసం ప్రధాన భూమికి వెళ్ళాడు. అక్కడ దొరకలేదు. తీరం వెంట ఉత్తరానికి పోయి పోయి, ఇక వెనక్కి రాలేమని బటావియా దారి పట్టాడు. ప్రమాదం జరిగిన 33 రోజులకు, జూలై 7న అక్కడ చేరారు. దాదాపు 3,000 కిలోమీటర్లు. పడవలో ఇద్దరు ఆడవాళ్ళు, ఒక పసిబిడ్డ కూడా ఉన్నారు. ఒక్కరూ చావలేదు. నౌకాయానంగా చూస్తే అద్భుతం. ఓడను దిబ్బెక్కించిన యాకబ్సే ఈ పని కూడా చేశాడన్నది మరిచిపోకూడదు. మనుషులు ఒకే రకంగా ఉండరు.

దీవి మీద ఉన్నవాళ్ళకు మాత్రం పెద్దలంతా నావికులను తీసుకుని పారిపోయారనే అర్థమైంది. పడవ బయలుదేరిన చిన్న దీవికి 'ద్రోహుల దీవి' అని పేరు పెట్టుకున్నారు. అక్కడ పెల్‌సార్ట్ ఒక చీటీ పెట్టి వెళ్ళాడు. సాయం కోసం ఎవరో ఒకరు వెళ్ళక తప్పదు, అది ఒప్పుకుంటాను. కానీ ఓడ పెద్ద, నడిపే స్కిప్పర్ ఇద్దరూ ఒకే పడవలో పోయారు. వెనక ఉన్న దాదాపు 250 మందికి ఎవరు పెద్ద అన్నది చెప్పలేదు. నీళ్ళు ఎవరి చేతిలో, ఆయుధాలు ఎవరి చేతిలో అన్నదీ చెప్పలేదు. చీటీ అప్పగింత కాదు. నాలుగు గంటల వాచ్ మార్చుకునేటప్పుడే ముఖాముఖి నిలబడి, పొజిషన్, కోర్సు, ట్రాఫిక్ చెప్పి, 'నాకు అందింది' అనిపించుకుంటాం.

దీవి మీద

మొదటి రోజుల్లో దాహంతో కొందరు పోయారు. తర్వాత వాన పడి ఊపిరి వచ్చింది. తొమ్మిది రోజులకు ఓడ విరిగిపోతే కార్నెలిస్ ఒక కొయ్య పట్టుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. కంపెనీ హోదాలో మిగిలినవాళ్ళలో అతనే పెద్ద. జనం సంతోషంగా పెత్తనం అతని చేతిలో పెట్టారు. ఆ చోట నేనున్నా అదే చేసేవాణ్ణేమో. పెద్ద కావాలి, అతను పెద్ద.

అతని ఆలోచన, సాయం వచ్చే ఓడను పట్టుకుని దొంగ ఓడగా మార్చుకోవడం. దానికి నమ్మకస్థులు చాలు, మిగతావాళ్ళు తిండికి పోటీ. మొదట జనాన్ని వేర్వేరు దీవులకు విడదీశాడు. వీబె హేస్ అనే మామూలు సైనికుడిని, ఇరవై మందిని, ఆయుధాలు తీసేసుకుని, దూరాన ఉన్న పెద్ద దీవికి నీళ్ళు వెతకమని పంపాడు. అక్కడ నీళ్ళు లేవని, ఎండి చస్తారని అతని అంచనా. తర్వాత దొంగతనం పేరు పెట్టి మొదటి హత్యలు చేయించాడు. ఆపైన పేరు పెట్టడం కూడా మానేశారు. జూలైలో రాత్రిళ్ళు గుడారాలకు వెళ్ళి చంపారు. పాస్టర్ గైస్బర్ట్ బాస్టియాన్స్ భార్యను, ఆరుగురు పిల్లలను ఒకే రాత్రి చంపేశారు. ఆ సమయానికి ఆయన్ని, పెద్దకూతురిని ఒక ముఠా నాయకుడు భోజనానికి పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. మొత్తం సుమారు 115 మంది. కార్నెలిస్ తన చేత్తో ఒక పసిబిడ్డకు విషం పెట్టాడు, అదీ పూర్తికాక ఇంకొకడి చేత గొంతు నులిమించాడు. మిగతావన్నీ ఆజ్ఞలే. అందరి చేత విశ్వాసపత్రం మీద సంతకాలు పెట్టించుకున్నాడు. కంపెనీ సరుకులోంచి ఎర్ర బట్ట తీసి, బంగారు జరీ కుట్టించి తన మనుషులకు యూనిఫారాలు వేశాడు.

పెద్ద దీవిలో వేరే కథ నడిచింది. హేస్ వాళ్ళకు మూడు వారాలకు నీళ్ళు దొరికాయి. చిన్న కంగారూల్లాంటి జంతువులు, పక్షి గుడ్లు దొరికాయి. నీళ్ళు దొరికితే వేస్తామని అనుకున్న గుర్తు ప్రకారం మూడు పొగలు వేశారు. అటు నుంచి ఎవరూ రాలేదు. బదులుగా ఈదుకుంటూ, చెక్కల మీద తేలుతూ పారిపోయి వచ్చినవాళ్ళు జరిగింది చెప్పారు. హేస్ చేరినవాళ్ళందరినీ కలుపుకున్నాడు, 47 మంది అయ్యారు. ఓడ శిథిలాల నుంచి కొట్టుకొచ్చిన పీపా కట్ల ఇనుముతో, మేకులతో ఈటెలు చేసుకున్నారు. రాళ్ళతో గోడ కట్టి కాపలా పెట్టారు. ఆ గోడలు ఇప్పటికీ ఉన్నాయి. ఆస్ట్రేలియాలో యూరప్‌వాళ్ళు కట్టినవాటిలో నిలిచి ఉన్నవాటన్నిటికంటే పాతవి. దాడులు తిప్పికొట్టి, సెప్టెంబర్ మొదట్లో సంధి మాటలకు వచ్చిన కార్నెలిస్‌ని పట్టుకుని గుంటలో వేశారు.

హేస్‌కు హోదా లేదు. అతను ఏం చేశాడో వరసగా పెట్టి చూస్తే మామూలు పనులే. నీళ్ళ దగ్గర అందరికీ సమాన వాటా, ఎవరికి ఏ కాపలాయో ముందే చెప్పడం, వచ్చిన కబురు దాచకుండా అందరికీ చెప్పడం. ఈ మూడూ ఆ ఓడలో ఏడు నెలల పాటు ఎక్కడా లేవు.

సెప్టెంబర్ 17న పెల్‌సార్ట్ సార్డామ్ అనే చిన్న ఓడలో తిరిగి వచ్చాడు. బటావియా నుంచి బయలుదేరి 63 రోజులు. ప్రమాదం జరిగిన చోటు ఎక్కడో వాళ్ళకే సరిగ్గా తెలియక ఆ సముద్రంలోనే వారాల తరబడి వెతికారు. ఆ రోజే హేస్ మీద తుపాకులతో ఆఖరి దాడి జరుగుతోంది. ఓడ కనబడగానే దాని దగ్గరికి హేస్ పడవ, కార్నెలిస్ ముఠా పడవ పోటీగా తెడ్లేశాయి. హేస్ ముందు చేరాడు.

నా విచారణలో తేలింది

సముద్రం తీసుకున్నవాళ్ళకు రెండింతల కంటే ఎక్కువమందిని తోటివాళ్ళు చంపారు. ఎక్కిన 340 మందిలో బటావియా చేరింది 120 మంది చిల్లర. అందుకే దీన్ని దిబ్బెక్కిన కేసుగా రాస్తే సగం కూడా రాసినట్టు కాదు.

క్యాడెట్లు సాధారణంగా రేఖాంశం తెలియకపోవడమే మూలకారణం అంటారు. నేను ఒప్పుకోను. రేఖాంశం ఎవరికీ తెలియదు. తెలియదన్న సంగతి అందరికీ తెలుసు. అలాంటప్పుడు చుక్క చుట్టూ ఒక పెద్ద అనుమాన వలయం గీసుకుని, ఆ వలయం దీవుల అక్షాంశాన్ని తాకే రాత్రి తెరచాపలు తగ్గించాలి. స్కిప్పర్ చుక్కను చుక్కగానే నమ్మాడు. ఇవాళ జీపీఎస్ తెరమీద ఓడ బొమ్మను నమ్మినట్టే.

ఇక ముందు జరిగిన ప్రమాదం మాట. ఏడేళ్ళ కిందటే, 1622 మేలో, ఇంగ్లీషు ఓడ ట్రయల్ ఇదే కొత్త దారిలో, ఇదే తీరానికి ఇంకా ఉత్తరాన రాళ్ళకు కొట్టుకుంది. 143 మందిలో 46 మంది బతికారు. దాని కెప్టెన్ జాన్ బ్రూక్స్ తాను దారి తప్పలేదని చూపించుకోవడానికి ఆ రాళ్ళను ఉన్నచోటికంటే చాలా పడమరగా చూపించాడు. ఆ అబద్ధపు రాళ్ళు దాదాపు 300 ఏళ్ళు చార్టుల్లో తిరిగాయి. ఉద్యోగం పోతుందని రాసే రిపోర్టు ఎలా ఉంటుందో దీన్ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. 1998లో అమల్లోకి వచ్చిన ఐఎస్ఎమ్ కోడ్, అంటే ఓడల భద్రత నిర్వహణకు అంతర్జాతీయ నియమావళి, ప్రకారం చిన్న ప్రమాదం తప్పినా కంపెనీకి రాయాలి. రాస్తున్నాం. ఎంత నిజం రాస్తున్నాం అన్నది ఆడిట్‌కి వెళ్ళినప్పుడల్లా నాకు కనిపిస్తూనే ఉంటుంది. అన్ని ఓడల్లోనూ తప్పిన ప్రమాదం అంటే డెక్కు మీద జారబోయిన కాలే.

నా నివేదికలో అన్నిటికంటే పైన రాసేది ఆజ్ఞ గురించి. అధికారం వర్తకుడికి, పని స్కిప్పర్‌కి. ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఒకడు జబ్బుపడితే రెండోవాడిని అడిగేవాడు లేడు. ఇద్దరూ పోతే మూడోవాడు ఎవరో రాసి లేదు. హోదా వరసలో పైనున్నవాడి చేతిలోకి అధికారం దానంతట అదే జారింది, అతను ఎలాంటివాడో చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

కంపెనీ ఏం చేసిందో కూడా చెప్పాలి. కార్నెలిస్‌కు రెండు చేతులూ నరికి, అక్టోబర్ 2న ఆ దీవుల మీదే ఇంకో ఆరుగురితో పాటు ఉరితీశారు. ఇద్దరిని ఆస్ట్రేలియా తీరంలో వదిలేశారు. బోసన్‌ను బటావియాలో అంతకుముందే ఉరితీశారు. స్కిప్పర్‌ను నిర్లక్ష్యం కింద జైల్లో పెట్టారు. హేస్‌కు ప్రమోషన్ ఇచ్చారు. పెల్‌సార్ట్ మరుసటి ఏడాదే చనిపోయాడు. అంతకుముందు దీవుల దగ్గర 12 వెండి పెట్టెల్లో 10 పైకి తీయించాడు, ఆ పనికి అతనితో వచ్చిన మునక ఈతగాళ్ళలో గుజరాతీలు ఉన్నారు. సరుకు ఏరుకునే ఆ రోజుల్లోనే, కొట్టుకుపోయిన వెనిగర్ పీపా ఒకటి తెమ్మని సార్డామ్ స్కిప్పర్‌ను ఇంకో నలుగురితో చిన్న పడవలో పంపాడు. గాలి లేచింది. ఆ ఐదుగురూ తిరిగి రాలేదు. 115 హత్యల పక్కన ఈ ఐదుగురి సంగతి ఎవరూ చెప్పుకోరు. నేను మాత్రం క్లాసులో ఆ పీపా దగ్గర కాసేపు ఆగుతాను.

కాపలా పద్ధతి మారిందా, రాత్రి తెరచాప గురించి కొత్త రూలు వచ్చిందా, వర్తకుడు, స్కిప్పర్ లెక్క సరిచేశారా అని క్యాడెట్లు అడుగుతారు. నేను వాళ్ళకు ఇంకో ఓడ పేరు చెబుతాను. జీవైక్. అదే కంపెనీ, అదే దారి, 1727 జూన్ 9. స్టీర్స్‌మన్, అంటే స్కిప్పర్ కింద దారి చూసే అధికారి, వద్దన్నా స్కిప్పర్ తీరం వైపు తిప్పాడు. రాత్రి అదే అబ్రోల్హోస్ దీవుల దిబ్బ మీదకి ఎక్కింది. కాపలావాడిని అడిగితే, ముందు అరగంట నుంచీ ఆ తెలుపు కనబడుతూనే ఉందని ఒప్పుకున్నాడు. వెన్నెల అనుకున్నాడట.